పిల్లలకు పద్దెనిమిది నిండుతుంటే మనోవర్తి ఆర్డరును మార్పించుకోవడం ఎలా?

పదో తరగతి మెమో తీసి పుట్టిన తేదీ చూడండి. మన దగ్గర చాలామంది పిల్లలకు ఇంటర్ సెకండియర్‌కీ, డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరడానికీ మధ్యలో ఎక్కడో పద్దెనిమిది నిండుతాయి. అమ్మానాన్నలు విడిపోయినప్పుడు, ఎప్పుడో చిన్నప్పుడు కోర్టు ఇచ్చిన మనోవర్తి (పోషణ ఖర్చు) ఆర్డరులోనేమో "మేజర్ అయ్యేవరకు నెలకు ఇంత" అని ఉంటుంది. అంటే కౌన్సెలింగ్‌లో సీటొచ్చి ఫీజు కట్టాల్సిన రోజుల్లోనే నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుంది. తల్లి గాభరాగా లాయరు దగ్గరికి పరిగెత్తేది అప్పుడే. కానీ అప్పటికే కాస్త ఆలస్యమైపోయి ఉంటుంది.

ఫ్యామిలీ కోర్టు వరండాలో ఏళ్ల తరబడి నిలబడ్డవాడిగా ఒక్క మాట చెప్తాను. ఈ పనికి సరైన సమయం పద్దెనిమిదో పుట్టినరోజు కాదు, పదిహేడోది. డబ్బు తీసుకునేవాళ్లకైనా, ఇచ్చేవాళ్లకైనా ఇదే వర్తిస్తుంది. ఆ ఏడాదిలో ఏమేం చేయాలో వరసగా రాస్తున్నాను.

మొదట ఆర్డరు కాపీ చేతిలోకి తెచ్చుకోండి

చాలామందికి వచ్చే మొత్తం గుర్తుంటుంది గానీ ఆర్డరు ఏ సెక్షన్ కింద వచ్చిందో తెలియదు. కాగితం ఎక్కడో పోయుంటుంది. పాత లాయరు ఫోన్ ఎత్తకపోవచ్చు. కంగారు పడకండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పార్టీ పేరుతోనో, సీఎన్ఆర్ నంబరుతోనో (ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబరు) వెతికితే కేసు వివరాలు దొరుకుతాయి. ఆ నంబరు పట్టుకుని ఆర్డరు ఇచ్చిన కోర్టులో కాపీ అప్లికేషన్ పెడితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.

కాపీ చేతికొచ్చాక మొదట సెక్షన్ చూడండి. మామూలు మనోవర్తి కేసైతే సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 అని ఉంటుంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 వచ్చింది. కేసు నంబరు ముందు ఎం.సి. (మెయింటెనెన్స్ కేసు) అని ఉంటే ఇదే. విడాకుల కేసులో భాగంగా వచ్చినదైతే హిందూ వివాహ చట్టం 26 అయి ఉండొచ్చు. గృహహింస కేసులో వచ్చినదీ కావచ్చు, లోక్ అదాలత్ అవార్డూ (రాజీ మీద ఇచ్చిన తీర్పు) కావచ్చు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నవాళ్లు అప్పట్లో రాసుకున్న ఒప్పందం కాగితాన్ని కూడా వెతకండి. అందులో "పిల్లల పైచదువులు తండ్రే భరించాలి" లాంటి వాక్యం ఒక్కటున్నా మీ పని సగం తేలికవుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది మొత్తాన్ని ఎలా విడదీశారన్నది. "భార్యకు 7,000, పిల్లలకు చెరో 4,000" అని ఉంటే గొడవ లేదు. "భార్యాపిల్లలకు కలిపి నెలకు 15,000" అని ఉంటేనే తంటా. పెద్దవాడు మేజర్ కాగానే తండ్రి తనంతట తానే మూడో వంతు తగ్గించి వేయడం మొదలుపెడతాడు. అలా సొంత లెక్కతో కోత పెట్టడం కుదరదు. కలిపి ఇచ్చిన మొత్తాన్ని తగ్గించాలన్నా, విడదీయాలన్నా కోర్టే చేయాలి.

చివరగా "ఎప్పటివరకు" అన్న వాక్యం. "మేజర్ అయ్యేవరకు" అని ఉందా, "చదువు పూర్తయ్యేవరకు" అని ఉందా, అమ్మాయి విషయంలో "పెళ్లయ్యేవరకు" అని ఉందా? దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఇక ముందు మాట్లాడేదంతా ఆ గీత గురించే.

కొడుకు, కూతురు, వైకల్యం ఉన్న బిడ్డ: ముగ్గురికీ దారులు వేరు

125 కింద పిల్లల మనోవర్తి మైనారిటీతోనే ముగుస్తుంది. శారీరక, మానసిక లోపం వల్లో గాయం వల్లో తనను తాను పోషించుకోలేని బిడ్డకు మాత్రం మేజర్ అయ్యాక కూడా వస్తుంది (పెళ్లయిన కూతురికి ఇది వర్తించదు). అలాంటి బిడ్డ ఉన్నవాళ్లు సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పాత సర్టిఫికెట్ గడువు తీరిందేమో చూడండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకైతే ఇంకో పని కూడా ఉంది. పద్దెనిమిది దాటాక వాళ్ల తరఫున సంతకం పెట్టే హక్కు తల్లికి దానంతటదే రాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేసి లీగల్ గార్డియన్‌గా నియమించుకోవాలి. ఈ కాగితం లేక తర్వాత బ్యాంకులో, కోర్టులో ఇబ్బంది పడేవాళ్లున్నారు.

అమ్మాయి విషయంలో చట్టం గట్టిగానే నిలబడుతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం, పెళ్లికాని కూతురు తన సంపాదనతోగానీ ఆస్తితోగానీ బతకలేని స్థితిలో ఉంటే మేజర్ అయినా ఆమెను పోషించే బాధ్యత తల్లిదండ్రులకు ఉంటుంది. ఆ చట్టంలో "మనోవర్తి" అంటే తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం మాత్రమే కాదు. పెళ్లికాని కూతురికి పెళ్లి ఖర్చులు కూడా అందులోకే వస్తాయి. 2020 సెప్టెంబరులో అభిలాష కేసులో సుప్రీంకోర్టు రెండు విషయాలు తేల్చింది. 125 కింద మెజిస్ట్రేటు కోర్టులో వేసిన కేసులో మేజర్ కూతురికి (వైకల్యం లేకపోతే) మనోవర్తి రాదు. కానీ 20వ సెక్షన్ కింద విడిగా అడిగే హక్కు ఆమెకు ఉంది. ఫ్యామిలీ కోర్టుకైతే రెండు చట్టాల అధికారమూ ఉంటుంది కాబట్టి ఆమె అక్కడికి వెళ్లొచ్చు. అందుకే "అమ్మాయికి పెళ్లయ్యేదాకా వస్తుందిలే" అని పాత ఎం.సి. ఆర్డరునే నమ్ముకుని కూర్చోకండి. హక్కు ఉన్నది వేరే సెక్షన్‌లో. అడగాల్సిన పిటిషన్ కూడా వేరే.

ముస్లిం కుటుంబాల్లో పిల్లల హక్కు గురించి 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లికి విడాకులైనా తండ్రి బాధ్యత పోదు. పిల్లలు మేజర్ అయ్యేవరకు లేదా తమ కాళ్ల మీద తాము నిలబడేవరకు, ఆడపిల్లలైతే పెళ్లయ్యేవరకు అది ఉంటుంది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం మాత్రం ముస్లింలకు, క్రైస్తవులకు వర్తించదు.

ఇక కొడుకు. ఇక్కడే తల్లులకు చేదు నిజం చెప్పాల్సి వస్తుంది. 20వ సెక్షన్‌లో కూడా కొడుకు మైనర్‌గా ఉన్నంతవరకే అడగగలడు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2021 మార్చిలో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, ఈ రోజుల్లో పద్దెనిమిదేళ్ల దాకా చదివిస్తే సరిపోదని, కొడుకు మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా తండ్రి డబ్బు ఇవ్వాలని ఆదేశించింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఇంకో దారి చూపింది. మేజర్ అయిన కొడుకు చదువు భారమంతా తల్లి మీదే పడుతోందని గుర్తించి, ఆ ఖర్చు కోసం తల్లికి అదనపు మొత్తం మంజూరు చేసింది. మరోవైపు 2025 మేలో వచ్చిన ఒక తీర్పులో, 26 ఏళ్లు నిండిన కొడుక్కి ఇక తప్పనిసరిగా డబ్బు ఇవ్వాలని ఆదేశించలేమని సుప్రీంకోర్టే చెప్పింది. వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: కొడుకు ఇంకా మైనర్‌గా, చదువులో ఉండగానే అడగాలి. మొదటి డిగ్రీ వరకే అడగాలి. ఖర్చు లెక్క చూపించాలి. డిగ్రీ అయ్యాక ఎంబీఏ, ఆ తర్వాత కోచింగ్ అంటూ సాగదీసే పిటిషన్లు నిలబడటం కష్టం.

సంచిలో రసీదులు కాదు, ఒక కాగితం మీద లెక్క

ఒకావిడ పెద్ద బట్టల సంచీ నిండా రసీదులు పట్టుకొచ్చారు. ఎల్‌కేజీ నుంచి అన్నీ ఉన్నాయి, క్లాస్ ఫొటో బిల్లు కూడా. పన్నెండేళ్ల కష్టం ఆ సంచిలో ఉంది. కానీ జడ్జిగారికి కావాల్సింది వచ్చే నాలుగేళ్ల ఖర్చు. ఆ రోజు మేమిద్దరం బెంచీ మీద కూర్చుని వేసిన లెక్క ఇలా ఉంటుంది. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి.

ట్యూషన్ ఫీజు ఏడాదికి 90,000, అంటే నెలకు 7,500
హాస్టల్, మెస్ 8,000
బస్సు, ఫోన్ రీచార్జి 1,500
పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఏడాదికి 12,000, నెలకు 1,000
ల్యాప్‌టాప్ 48,000, నాలుగేళ్లకు పంచితే నెలకు 1,000
బట్టలు, మందులు 1,500

మొత్తం నెలకు 20,500. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 60,000 వస్తుందనుకుంటే నెలకు 5,000 తీసేయాలి. మిగిలింది 15,500. రీయింబర్స్‌మెంట్ సంగతి దాచకండి. అవతలి లాయరు మొదట అడిగేది అదే. ఆ డబ్బు ఆలస్యంగా పడుతోందనో, కాలేజీ ముందే కట్టమంటోందనో ఉంటే ఆ మాట కూడా రాయండి.

తర్వాత ఎవరెంత భరించాలి? 2020 నవంబరు 4న వచ్చిన సుప్రీంకోర్టు రజనేష్ – నేహా తీర్పు దీనికి ఆధారం. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రే పెట్టుకోవాలని, తల్లి కూడా ఉద్యోగం చేస్తూ తగినంత సంపాదిస్తుంటే ఇద్దరూ ఆదాయాన్ని బట్టి పంచుకోవచ్చని అందులో ఉంది. తండ్రి చేతికొచ్చే జీతం 60,000, తల్లిది 20,000 అయితే మూడుకు ఒకటి నిష్పత్తి. తండ్రి వాటా 11,625, తల్లిది 3,875. ఇప్పుడొస్తున్నది 5,000 అనుకుంటే ఎంత పెంచమని అడగాలో మీకే తేలిపోతుంది. నోటికొచ్చినట్టు "నెలకు 40,000 ఇప్పించండి" అని రాసేకంటే ఈ 11,625 బరువెక్కువ.

లెక్కకు జతగా పదో తరగతి మెమో, ఇంటర్ స్టడీ సర్టిఫికెట్, కాలేజీ ఫీజు వివరాల కాగితం, హాస్టల్ బిల్లు, మీ ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. సీటు ఇంకా రాకపోతే చేరాలనుకుంటున్న కోర్సుకు ప్రస్తుతం ఉన్న ఫీజు చూపిస్తే చాలు.

ముందు ఒకసారి మాట్లాడండి, కానీ కాగితం మీద

ఇది చదివి కొందరు నవ్వుతారని తెలుసు. మాట్లాడుకునే పరిస్థితే ఉంటే కోర్టుకెందుకు వెళ్లాం అంటారు. నిజమే. కానీ పదేళ్ల కిందట మొహం చూసుకోని ఇద్దరు, బిడ్డ ర్యాంకు కార్డు దగ్గర మెత్తబడటం నేను చూశాను. పెద్దమనుషుల్లో ఎవరైనా ఒకరి ద్వారా కబురు పెట్టండి. లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మీడియేషన్ అడగండి. 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఒప్పందం కుదిరితే వాట్సాప్‌లో "సరే" అనిపించుకుని వదిలేయకండి. ఉన్న కేసులో జాయింట్ మెమో (ఇద్దరూ సంతకం పెట్టి కోర్టుకు ఇచ్చే కాగితం) వేయించండి, లేదా లోక్ అదాలత్‌లో అవార్డు చేయించండి. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఫీజు నేరుగా కాలేజీకే కట్టడానికి తండ్రులు త్వరగా ఒప్పుకుంటారు. "డబ్బు వాళ్ల అమ్మ వాడేసుకుంటుంది" అన్న అనుమానం అక్కడ ఉండదు కదా. ఫీజు కాలేజీకి, నెల ఖర్చు బిడ్డ ఖాతాకి అని రెండుగా విడదీయండి. రెండేళ్లకోసారి 5 శాతం పెంపు రాయించుకోండి. నేను పైన చెప్పిన 2025 మే తీర్పులో భార్య మనోవర్తికి సుప్రీంకోర్టు పెట్టిన పెంపు కూడా అదే. ఎప్పుడు ఆగాలో కూడా రాయండి: కోర్సు పూర్తయిన నెల, లేదా ఉద్యోగం వచ్చిన నెల, ఏది ముందైతే అది. ఆగే తేదీ లేని కాగితం మీద ఎవరూ సంతకం పెట్టరు.

పిటిషన్: ఎవరు, ఎక్కడ, ఏ సెక్షన్

125 ఆర్డరులో మొత్తం పెంచాలన్నా, తగ్గించాలన్నా, రద్దు చేయాలన్నా పాత సీఆర్‌పీసీలో 127, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 146. "పరిస్థితులు మారాయి" అని రుజువు చేయాలి. స్కూలు నుంచి కాలేజీకి మారడం, జీతం పెరగడం, ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం లాంటివన్నీ మార్పులే. ధరలు పెరిగాయని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఆర్డరు ఇచ్చిన కోర్టులోనే వేస్తారు. గృహహింస చట్టం కింద వచ్చిన ఆర్డరైతే అదే చట్టం 25వ సెక్షన్. విడాకుల కేసులో 26 కింద వచ్చినదైతే మళ్లీ అదే సెక్షన్ కింద. పెళ్లికాని మేజర్ కూతురికైతే ముందే చెప్పినట్టు 20వ సెక్షన్ కింద ఫ్యామిలీ కోర్టులో.

లాయర్లు కూడా తడబడే విషయం ఒకటుంది. బిడ్డకు పద్దెనిమిది నిండితే తల్లి "మైనర్ తరఫున గార్డియన్" హోదాలో కొత్త పిటిషన్ వేయలేదు. అమ్మాయే పిటిషనర్, అమ్మాయే సంతకం పెట్టాలి. సివిల్ కేసు నడుస్తుండగా మేజర్ అయితే, తాను కేసు కొనసాగిస్తానో లేదో ఆమే కోర్టుకు చెప్పాలి. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 32, రూల్ 12 ఉన్నది అందుకే. ఆ సంగతి చెప్పే చిన్న మెమో కోర్టులో వేయక వాయిదాలు పోగొట్టుకున్న కేసులు నాకు తెలుసు. ఇక నాన్న మీద తానే కేసు వేయాలంటే అమ్మాయికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి. అందుకైనా పదిహేడులోనే తల్లి వేస్తే మేలు.

పిటిషన్‌తో పాటు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ వేయాలి. రజనేష్ – నేహా తీర్పు చివర దాని నమూనా ఉంది. పొలం, ఎల్ఐసీ, చిట్టీలు, సొంతూళ్లో ఇంటి వాటా అన్నీ రాయాలి. ఆ తీర్పే ఇంకో మేలు కూడా చేసింది. మనోవర్తిని పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని చెప్పింది. ఆర్డరు రెండేళ్లకు వచ్చినా లెక్క మొదటి రోజు నుంచే. ఫీజు గడువు దగ్గర పడితే మధ్యంతర మనోవర్తి (తుది ఆర్డరు వచ్చేలోపు ఇచ్చేది) పిటిషన్ కూడా పెట్టండి. నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎన్ని వాయిదాలు పడతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

డబ్బు కట్టే తండ్రికి

మీకూ ఒక న్యాయం ఉంది. చెప్తాను. ఆర్డరులో బిడ్డ వాటా విడిగా ఉండి "మేజర్ అయ్యేవరకు" అని రాసి ఉంటే, ఆ నెలతో ఆ వాటా ముగుస్తుంది. అయినా మౌనంగా ఆపేయకండి. పదో తరగతి మెమో కాపీ జతచేసి, ఫలానా తేదీ నుంచి ఫలానా వాటా ముగిసిందని కోర్టులో మెమో వేసి, అవతలి వాళ్లకు స్పీడ్ పోస్టులో పంపండి. మొత్తం కలిపి ఉంటే 146 కింద తగ్గింపు అడగండి, ఆర్డరు వచ్చేదాకా కడుతూనే ఉండండి. జీతంలోంచి కోత పడుతుంటే కోర్టు కాగితం చూపిస్తే తప్ప మీ ఆఫీసు ఆపదు. భార్య వాటా, చిన్నబిడ్డ వాటా ఎప్పటిలాగే నడుస్తాయి.

పాత బాకీలు బిడ్డ మేజర్ కాగానే మాఫీ అయిపోవు. మేజర్ కాకముందు నెలలకు బకాయి ఉంటే అది బకాయే. తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 125 కింద బాకీ వసూలుకు వారెంటు అడగాలంటే, ఆ మొత్తం కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. మూడేళ్ల బాకీ పోగేసుకుని ఒకేసారి వెళ్తే ఆ దారిలో చివరి ఏడాదిదే చిక్కుతుంది.

తండ్రులకు ఇంకో మాట. ఫీజు కడితే నేరుగా కాలేజీ ఖాతాకే ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకోండి. బిడ్డ చేతిలో పెట్టిన నోట్లకు కోర్టులో సాక్ష్యం ఉండదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడి కోర్టు ఆర్డరైతే పైదేదీ వర్తించదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. టెక్సాస్‌లో పద్దెనిమిది నిండటమో, హైస్కూలు పూర్తి కావడమో, ఏది తర్వాతైతే అప్పటిదాకా. న్యూయార్క్‌లో 21. న్యూజెర్సీలో 19కి దానంతటదే ఆగుతుంది, కాలేజీ చదువుతుంటే ముందే అడిగితే 23 వరకు పొడిగిస్తారు. ఉద్యోగం పోయిందని అక్కడ కట్టడం మానేస్తే మహా ప్రమాదం. పిటిషన్ వేయకముందు పేరుకున్న బాకీని జడ్జి కూడా తగ్గించకుండా 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. లేఆఫ్ మెయిల్ వచ్చిన వారంలోనే మార్పు పిటిషన్ వేయాలి.

పుట్టినరోజు మర్నాడు బ్యాంకుకు

మనోవర్తి పడేది బిడ్డ పేరిట ఉన్న మైనర్ ఖాతా అయితే, పద్దెనిమిది నిండగానే గార్డియన్ సంతకం చెల్లదు. కొత్తగా కేవైసీ కాగితాలు, బిడ్డ సంతకం ఇస్తేనే ఖాతా నడుస్తుంది. ఇవ్వకపోతే తండ్రి డబ్బు వేసినా తీసుకోలేని పరిస్థితి వస్తుంది. హాస్టల్ ఫీజుకు ఆఖరి రోజున కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలిసి ఏడ్చిన పిల్లను చూశాను. ఆధార్‌లో పుట్టిన తేదీ, పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఒకటేనా అన్నది మాత్రం ఈరోజే చూసుకోండి. తేడా ఉంటే కోర్టులోనూ, బ్యాంకులోనూ మొదటి వాయిదా దానికే పోతుంది.